శ్రీవారి మెట్టు దిగండి, ఔలీ సంగతి ఆనక

మీ ప్రశ్న చదివాను. తిరుపతిలో ఉంటారు, ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ మంచుకొండల్లోని ఔలీకి స్కీ కోర్సుకు పోతున్నారు, కోర్సయ్యాక పైనున్న గోర్సన్ బుగ్యాల్ పచ్చిక మైదానం వైపు స్కీ టూరింగ్, అంటే స్కీల మీదే కొండెక్కి దిగడం, చేయాలని ఆశ. ఈలోగా కాళ్ళు గట్టిపడటానికి మన కొండల్లో ఏ నడక దారి, ఏ సైకిల్ దారి మంచిదని అడిగారు. నాకంటే ముందు జవాబు రాసినవాళ్ళు తలకోన, కైలాసకోన, నాగలాపురం, హార్స్‌లీ హిల్స్ అని వరసపెట్టి పేర్లు చదివేశారు. అన్నీ చూడచక్కని చోట్లే. మీ పనికి మాత్రం వాటిలో ఒక్కటీ అక్కర్లేదు.

తిరుమల మెట్ల దారుల్లో పొట్టిదైన శ్రీవారి మెట్టు చాలు. అదీ ఎక్కడానికి కాదు. పొద్దున్నే సప్తగిరి బస్సెక్కి కొండపైకి పోండి. స్వామికి ఒక దండం పెట్టుకుని, మెట్ల మీదుగా దిగి రండి. ఎక్కిన వీడియోలు పెట్టి లైకులు కొట్టించుకునేవాళ్ళు ఈ మాటకు నవ్వుతారు. నవ్వనీండి.

నేను సర్వీసంతా చిత్తూరు జిల్లా హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. పిల్లల మోకాళ్ళు, చీలమండలు చూసీ చూసీ నాకు తేలిందేమంటే, మన జనానికి ఎక్కడం వచ్చు, దిగడం రాదు. "నడిచి నీ కొండకొస్తా సామీ" అని మొక్కుకుంటారు గానీ నడిచి దిగుతానని మొక్కుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఎక్కుతారు, దర్శనం చేసుకుంటారు, లడ్డూ సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో గురకపెడుతూ దిగుతారు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా ఈ కథ లేదు. డోలీలో పోయే స్థోమత ఉన్నవాళ్ళు తప్ప ఎక్కిన ప్రతివాడూ తన కాళ్ళతోనే దిగాడు. మా తాత తరం ముసలితనంలో కూడా గొంతుక్కూచుని లేచేదంటే ఊరికే లేచిందా!

స్కీ టూరింగ్‌లో ఎక్కడం కూడా ఉంది కదా మాస్టారూ అంటారేమో. ఉంది. స్కీల అడుగున స్కిన్లు అంటిస్తారు. ఒకప్పుడు సీల్ చర్మం వాడేవాళ్ళు, ఇప్పుడు మోహేర్ అనే మేక బొచ్చు, నైలాన్. దాని నూగు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. మడమ లేచేట్టు వదిలేస్తారు. కాలెత్తి అడుగు వేసే పని లేదు, జరుపుకుంటూ పోవడమే. దానికి ఊపిరి కావాలి, ఓపిక కావాలి. పైకి చేరాక స్కిన్లు పీకి, మడమ బిగించి, అప్పుడు దిగాలి. పొద్దుటి నుంచి ఎక్కి ఎక్కి పీల్చుకుపోయిన కాళ్ళతో దిగాలి. జనం బోర్లా పడేది అక్కడే.

తొడ ముందరి కండ ఎక్కేటప్పుడు ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు బరువును ఆపుతూ, సాగుతూ పనిచేస్తుంది. సాగుతూ చేసే పనికి ఊపిరి పెద్దగా ఖర్చు కాదు. ఆయాసం రాదు గనక సులువనుకుంటాం. లోపల కండ పోగులు నలుగుతూ ఉంటాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు రాదు. మర్నాడు మొదలై రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతుంది. స్కీ మీద తొడ చేసే పనిలో ఎక్కువ భాగం ఇదే రకం.

మా మేనల్లుడి సంగతి చెప్తే మీకు బాగా ఎక్కుతుంది. వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. జిమ్ము, ప్రోటీన్ డబ్బా, హాఫ్ మారథాన్ పతకాలు గోడకు వేలాడదీసిన గది. ఔలీ ఆలోచన వాడిదే, నన్ను తోడు రమ్మన్నాడు. డిసెంబర్లో ఇంటికొస్తే, "రారా, శ్రీవారి మెట్టు దిగొద్దాం" అన్నాను.

"దిగడానికి ప్రాక్టీసేంది మామా, గ్రావిటీ చూసుకుంటుంది" అన్నాడు.

సరే, గ్రావిటీనే చూసుకోనీ అని తీసుకుపోయాను. రాత్రి చినుకులు పడ్డాయి, మెట్లు ఇంకా చెమ్మగా ఉన్నాయి. అది ఎక్కువ పొడుగు లేని దారి, రెండు కిలోమీటర్ల పైచిలుకు. మెట్లు మాత్రం 2,388. అంటే మధ్యలో కాలికి విశ్రాంతి దొరికే చదును దాదాపు లేనట్టే. మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టుకుంటూ ఆడవాళ్ళు నడుము వంచి ఎక్కుతున్నారు. ఎక్కేవాళ్ళకు ఆ బొట్టు కంటికి ఎదురుగా కనిపిస్తుంది. దిగేవాళ్ళకు కాలు పడేదాకా కనిపించదు. ఆరని పసుపు మీద అడుగేస్తే జారుడుబండే. మావాడు రెండేసి మెట్లు దూకుతూ పోతున్నాడు, మడమలు దబదబ మోగుతున్నాయి. నేను వెనకాల నిదానంగా వస్తున్నాను.

పసుపు గిన్నె పట్టుకున్న ఒక పెద్దావిడ నడుమెత్తి మమ్మల్ని నిలేసింది.

"ఏం నాయనా, ఎదురొస్తా ఉండారు? సామి పైన గదా ఉండేది?"

"చూసేసినాము లేమ్మా" అన్నాను.

"చూసేసుంటే బస్సుకు బోండి. దోవకు అడ్డం."

ఆమె చెప్పిందీ న్యాయమే. దిగేవాళ్ళు పక్కకు ఒదిగి నడవాలి, ఎక్కేవాళ్ళకు దోవ ఇవ్వాలి. ఇది ఈ జన్మలో మన కుర్రకారుకు ఎక్కదు. బ్లూటూత్ స్పీకరు భుజాన కట్టుకుని, దారికి అడ్డంగా నలుగురు నలుగురు వరస కట్టి వస్తారు. గోవింద నామాలు పెట్టినా ఒక అందం. డీజే పాటలు పెడతారు. సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఆ పెద్దావిడ పసుపు గిన్నె తన్నేసినవాణ్ణి నా కళ్ళతో చూశాను. క్షమించమ్మా అన్న మాట లేదు, ఫోటో బాగా వచ్చిందా లేదా అనే ధ్యాసే.

సగం దాటాక ఒక నీడపట్టున మావాడు నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. కదలకుండా నిలబడ్డాడు. జేబులో తాళాల గుత్తి మాత్రం గలగలమంటోంది. వాడికి అర్థం కాక జేబు తడుముకున్నాడు. ఫోను వైబ్రేషన్ అనుకున్నాడట. ఫోను బ్యాగులో ఉంది. చేత్తో తొడ పట్టుకుని చూసుకుంటే మోకాలి పైన కండ దానంతటది కొట్టుకుంటోంది. హాఫ్ మారథాన్ పరుగెత్తిన కాలు! ఆయాసం లేదు, చెమట లేదు, మొహంలో అలుపు లేదు. కాలొక్కటే వాడి మాట వినడం మానేసింది.

అప్పుడు చెప్పాను దిగేదెట్లాగో. మడమ కొట్టకూడదు. ముందరి పాదం ముందు ఆనాలి. మోకాలు ఎప్పుడూ కాస్త వంగే ఉండాలి, నిలువుగా బిగించి దిగితే దెబ్బంతా కీలుకే. ఒంటి బరువు పై కాలి మీద ఉండగానే కింది కాలు మెత్తగా పోయి కూర్చోవాలి. నా బడిలో దీనికొక పరీక్ష ఉండేది: మెట్లు దిగుతుంటే కాలి చప్పుడు నాకు వినపడకూడదు. వినపడితే మళ్ళీ పైకి. శ్రీవారి మెట్టు మీద వాణ్ణి మళ్ళీ పైకి పంపే ధైర్యం చేయలేదు, మా అక్క ఊరుకోదు.

అయినా ఊరుకోలేదు. మర్నాడు పొద్దున వాడు మా ఇంటి వాకిట మెట్లు దిగలేక, కటకటాలు పట్టుకుని వెనక్కి తిరిగి దిగాడు. బాత్రూములో కూర్చున్నవాడు లేవడానికి కొళాయి పట్టుకున్నాడట, కొళాయి చేతికొచ్చింది. మా అక్క నా మీద పడింది. "నీ డ్రిల్లు బడితో పోయిందనుకుంటి గదరా, ఇంటికి గూడా తెచ్చినావా!" ఆ మర్నాడు ఇంకా ముదిరింది. బెంగళూరు బస్సు మెట్లు కండక్టరు చెయ్యందిస్తే ఎక్కాడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్ళీ దించాను. ఈసారి తాళాలు మోగలేదు. మర్నాడు కాస్త పట్టేసినట్టుంది అన్నాడంతే. ఇందులో నా గొప్పేమీ లేదు. దిగుడు దెబ్బ ఒకసారి తిన్న కండ కొన్ని వారాలపాటు అదే దెబ్బకు అంతగా నలగదు. వ్యాయామ శాస్త్రంలో బాగా తెలిసిన విషయమే. జిమ్ములో ఎవరూ చెప్పరు, ఎందుకంటే మెట్లు దిగడానికి నెలకింతని ఫీజు వసూలు చేయలేరు.

ఔలీలో మొదట నేర్పేది స్నోప్లౌ. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, మోకాళ్ళు వంచి, లోపలి అంచులతో మంచును తోస్తూ నెమ్మదిగా దిగడం. కొత్తవాళ్ళకు బ్రేకంటే అదే. మధ్యాహ్నానికి మా బ్యాచ్‌లో దండలు తిరిగిన జబ్బల కుర్రాళ్ళు ఒక్కొక్కరే మంచులో చతికిలబడ్డారు. నేర్పేవాడు "ఘుట్‌నే మోడో, ఘుట్‌నే మోడో" అని గొంతు చించుకుంటున్నా వాళ్ళ మోకాళ్ళు వంగలేదు. మావాడు పొద్దు గూకేదాకా నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను, నా వయసుకు అది తక్కువ సంగతి కాదు. దీనికి కారణం శ్రీవారి మెట్టే. వాడి హాఫ్ మారథానే కారణమని మా బావ వాదిస్తాడు. మారథానే కారణమైతే మొదటిసారి తాళాలెందుకు మోగినట్టు?

అలిపిరి దారి దీనికి పనికిరాదా అంటే, కొంత పనికొస్తుంది. మెట్లు అక్కడే ఎక్కువ, 3,550 అంటారు. కానీ అవి ముక్కలు ముక్కలుగా ఉంటాయి. గాలిగోపురం దగ్గర నిలువు, మోకాలి మెట్టు దగ్గర నిలువు, మధ్యలో జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి అంటూ చదును నడక. చదును వచ్చిందంటే కాలు తేరుకుంటుంది. మీకు కావల్సింది తేరుకోని కాలు. పైగా 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకున్నాక కట్టుబాట్లు వచ్చాయి, చిన్నపిల్లలతో మధ్యాహ్నం దాటాక నడవనీయలేదు, నడిచేవాళ్ళకు కర్రలిచ్చారు. ఏ దారైనా గుంపుతో పోండి, చీకటి పడే లోపల దిగిపోండి. వానాకాలంలో శ్రీవారి మెట్టు తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి. 2021 నవంబర్ వానలకు రాళ్ళు దొర్లి, మెట్లు కొట్టుకుపోయి, మరుసటి ఏడాది మే దాకా ఆ దారి మూతపడింది.

మన కొండలు ఇంత నిలువుగా ఎందుకున్నాయో కూడా చెప్పేస్తాను, అడగకపోయినా. పైన ఉన్నది క్వార్ట్‌జైట్, గునపానికి లొంగనంత గట్టి. కిందది అంతకంటే ముసలి గ్రానైట్. ఈ రెంటి నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర మాయమైంది, అప్పటి పొరలే లేవు. ఘాట్ రోడ్డు పక్కన ఆ అతుకు కంటికి కనిపిస్తుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించి బోర్డు కూడా పెట్టింది. కింద రాయి అరిగి వాలుగా పరుచుకుంటుంది, పైరాయి అరగక గోడలా నిలబడుతుంది. అందుకే దిగేటప్పుడు మొదటి భాగం ప్రాణం తీస్తుంది. ఆ బోర్డు ముందు బండి ఆపి చదివినవాణ్ణి చూడలేదు గానీ దాని పక్కన మూత్రం పోసేవాళ్ళను చాలామందిని చూశాను.

ఇక సైకిల్. తొక్కండి, నేనూ తొక్కుతాను. కానీ సైకిల్ మీద కండ ముడుచుకోవడమే తప్ప సాగుతూ బరువాపే పని లేదు. గుండెకు మంచిది, ఊపిరికి మంచిది, స్కిన్లతో ఎక్కడానికి పనికొస్తుంది. దిగడానికి పైసా లాభం లేదు. దారి మాత్రం బాగుంటుంది: తిరుపతి, చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా తలకోన. అరవై కిలోమీటర్లకు కాస్త తక్కువ. తెల్లవారక ముందే బయల్దేరితే రంగంపేట దాటేసరికి వెలుతురు వస్తుంది, ఎడమ కుడి అడవి, ఘాట్ మొదలు. మదనపల్లె వైపు నుంచి వచ్చే టమోటా లారీలు ఆ మలుపుల్లో సగం రోడ్డు తీసేసుకుంటాయి, వాళ్ళతో పంతానికి పోవద్దు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న పెళ్ళివాళ్ళ బస్సు లోయలో పడింది ఈ ఘాట్లోనే.

తిరుగు దారిలో ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా పట్టుకుని కూర్చోవద్దు. రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి వదిలేయండి, ముందుదీ వెనకదీ కలిపి పట్టండి, మలుపులో పట్టొద్దు. మా వీధిలో ఒకాయన లక్షన్నర పోసి సైకిల్ కొన్నాడు. బ్రేకు ప్యాడ్లు మార్చమంటే ఖర్చంటాడు. లక్షన్నరకు కొన్నది ఆగడానికి కాదా మరి?

తలకోన చేరాక 270 అడుగుల జలపాతం చూడండి, సిద్ధేశ్వరుడికి దండం పెట్టండి, ఇడ్లీలు కోతులకు కనపడకుండా తినండి. మార్కు చేసిన దారి వదిలి అడవిలోకి పోయి ట్రెక్కింగ్ అనకండి. ఇది ఎర్రచందనం పుట్టిల్లు. ప్రపంచంలో ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప అది తనంతట తాను పెరగదు, దాని కోసం ఎన్ని ప్రాణాలు పోయాయో 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో జరిగిన పోలీసు కాల్పులు గుర్తున్నవాళ్ళకు తెలుసు. ఆ అడవిలో పర్మిషన్ లేని మనిషి చేతిలో గొడ్డలి లేకపోయినా అనుమానితుడే. యాప్‌లో ఎవరో గీసిన ఎర్రగీత చూపిస్తే ఫారెస్టువాళ్ళు వదిలిపెట్టరు. ఆ గీతలు కోనల్లో నమ్మదగినవీ కావు. రెండు వైపులా రాతిగోడలుంటే సిగ్నల్ గోడకు తగిలి వస్తుంది, ఫోను మిమ్మల్ని అవతలి గట్టు మీద నిలబెడుతుంది.

అడవి లోపలి నడక కావాలంటే తీర్థ ముక్కోటి రోజుల్లో పోండి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. దేవస్థానం వాళ్ళే దారి తెరుస్తారు, పాపవినాశనం వైపు నుంచి జనంతో కలిసి పోవచ్చు. తుంబురు దగ్గర కొండ నిలువునా చీలినట్టుంటుంది, ఆ చీలికలో నీళ్ళలో నడుచుకుంటూ పోవాలి. మీకు కుదిరేది పుష్య పౌర్ణమి ఒక్కటే, జనవరిలో వస్తుంది. మిగతావాటికి మీరు మంచులో ఉంటారు, లేదా కాళ్ళకు బామ్ రాసుకుంటూ ఉంటారు.

మన కొండలు మీకు ఇవ్వలేనిది ఎత్తు. తిరుమల వెయ్యి మీటర్ల లోపే, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. ఔలీ మొదలయ్యేదే 2,500 దగ్గర, పై వాలు 3,000 దాటుతుంది. అందుకని జోషీమఠ్‌లో ఒక రాత్రి పడుకుని, నీళ్ళు బాగా తాగి, అప్పుడు పైకి పోండి. తిరుమల ఎన్నిసార్లు ఎక్కినా ఆ పని కాదు. రోప్‌వేను నమ్ముకోవద్దు, 2023 జనవరిలో జోషీమఠ్‌లో ఇళ్ళు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు. రోడ్డు ఉంది. మంచు కూడా ఏడాది ఏడాదికీ ఒకేలా పడదు, 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలప్పుడు మంచు తయారుచేసే యంత్రాలే పెట్టాల్సి వచ్చింది. వెళ్ళేముందు నేర్పేవాళ్ళకు ఫోన్ చేసి నేల మీద మంచు ఉందో లేదో అడగండి, వాళ్ళు పంపే పాత ఫోటోలు చూసి డబ్బు కట్టకండి.

గోర్సన్ బుగ్యాల్ వైపు ఒంటరిగా మాత్రం పోవద్దు. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. స్కీకి మజా ఉండేది కూడా సరిగ్గా ఆ వాలు మీదే. 2024 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో అలాంటి చరియ కింద ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. మనిషి మనిషికీ మంచులో పూడుకుపోయినవాళ్ళ జాడ చెప్పే ట్రాన్సీవరు, గుచ్చి వెతికే ప్రోబు కడ్డీ, తవ్వే పార ఉండాలి, అవి వాడటం తెలిసిన గైడు ఉండాలి. గైడు ఈ రోజు వద్దంటే వద్దు.

ఇప్పటి నుంచి వారానికో పది రోజులకో ఒకసారి దిగండి. మొదటిసారి సగం దాకా దిగి ఆగిపోయినా పరవాలేదు, పైకి పోయేవాళ్ళతో కలిసి వెనక్కి ఎక్కేయండి. కండ నొప్పి అయితే నాలుగైదు రోజుల్లో పోతుంది. మోకాలి చిప్ప కిందో కీలు లోపలో పొడిచినట్టుంటే అది నేను చెప్పే నొప్పి కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి పోండి. ఔలీకి బయల్దేరే ముందు వారం పది రోజులు మెట్ల జోలికి పోవద్దు. ఇంకొకటి, దిగాక కింద ఆటోవాళ్ళు మీ నడక చూసి రేటు చెప్తారు. కాళ్ళు ఎంత వణికినా నిటారుగా నిలబడి బేరమాడండి.